కౌన్సిలరు నుంచి మేయరు దాకా: ఒక నెల్లూరు బిడ్డ ప్రజాజీవితం

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన సంఘాల్లో ఒక ముచ్చట తప్పక జరుగుతుంది. చెప్పులు వేసుకుంటూనో, వేపచెట్టు నీడన నిలబడో పెద్దవాళ్లు ఒకరినొకరు పలకరించుకుంటారు. "మీ పెద్దబ్బాయి ఇంకా అమెరికాలోనే ఉన్నాడా? ఇల్లు కొన్నాడా? జీతం ఎంత?" సంగారెడ్డిలోనైనా, పటాన్‌చెరులోనైనా, సదాశివపేట దగ్గరి పల్లెలోనైనా ఇవే ప్రశ్నలు. అడగడంలో తప్పు లేదు. పొలం అమ్మి చదివించిన తల్లిదండ్రులకు బిడ్డ స్థిరపడ్డాడని తెలిస్తేనే కంటి నిండా నిద్ర.

అయితే మనం అడగని ప్రశ్న ఒకటి ఉంది. "మీవాడు ఉంటున్న ఊరికి మీవాడు ఏం చేశాడు?" అని ఎవ్వరమూ అడగం. మనకు తోచదు కూడా. పరాయి దేశం వెళ్లినవాడు పని చేసుకోవాలి, నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి, ఎవరి జోలికీ పోకూడదు అని చెప్పి పంపిస్తాం. ఊరి సంగతి ఊరివాళ్లు చూసుకుంటారులే అనుకుంటాం.

ఈ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పిన ఒక తెలుగు మనిషిని ఈ నెల మన పాఠకులకు పరిచయం చేస్తున్నాం. ఆయన పేరు చివుకుల ఉపేంద్ర. 1950లో నెల్లూరులో పుట్టారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ అనే పట్టణానికి మొదట కౌన్సిల్ సభ్యుడిగా, తరువాత ఉపమేయరుగా, 2000 సంవత్సరంలో మేయరుగా పనిచేశారు. అక్కడి నుంచి రాష్ట్ర శాసనసభకు వెళ్లారు. పెద్ద ఎన్నికల్లో ఓడిపోవడం కూడా ఆయన చూశారు. ఆయన గెలుపు నుంచి, ఓటమి నుంచి, అన్నింటికంటే ఆయన మొదలుపెట్టిన చిన్న పదవి నుంచి మన కుటుంబాలు నేర్చుకోవలసింది చాలా ఉంది.

సంగారెడ్డి అంత పట్టణం

ముందుగా ఆ ఊరు ఎంతదో చూద్దాం. మేయరు అనగానే మనకు హైదరాబాదు గుర్తుకు వస్తుంది. ఫ్రాంక్లిన్ అంత పెద్దది కాదు. 2000 సంవత్సరపు లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది సుమారు 51 వేల మంది. 2010 నాటికి 62 వేలు దాటారు. మన సంగారెడ్డి పట్టణ జనాభా 2011 లెక్కల్లో 72 వేలకు పైగా ఉంది. అంటే ఉపేంద్ర గారు మేయరుగా కూర్చున్న ఊరు మన సంగారెడ్డి కంటే కొంచెం చిన్నదే. మన భాషలో చెప్పాలంటే ఆయన చేసినది మున్సిపల్ చైర్మన్ పని.

ఫ్రాంక్లిన్‌కు ఒక పక్క విశ్వవిద్యాలయం ఉన్న న్యూ బ్రన్స్‌విక్ పట్టణం, ఇంకొక పక్క ప్రిన్స్‌టన్ ప్రాంతం. మధ్యలో కొంత పొలం, కొంత అడవి, పాత ఇళ్లు, కొత్త కాలనీలు, గోదాములు, కంపెనీలు. తెల్లవారు, నల్లవారు, స్పానిష్ మాట్లాడేవారు, మన దేశం నుంచి వెళ్లినవారు కలిసి ఉంటారు. పటాన్‌చెరు, రామచంద్రాపురం చుట్టుపక్కల తెలుగువారు, కన్నడవారు, ఒడియావారు, బీహారువారు ఒకే గల్లీలో అద్దెకుండటం చూసినవారికి అలాంటి ఊరు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఎవరి పండుగ వారిది, ఎవరి వంట వారిది. కానీ మోరీ మాత్రం అందరిదీ ఒక్కటే. అది నిండితే అందరి గుమ్మంలోకీ నీళ్లు వస్తాయి.

చదువు, ఉద్యోగం, పరదేశం

నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర గారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల కుర్రవాళ్లకు మద్రాసు పెద్ద చదువుల ఊరు. తరువాత అమెరికా వెళ్లి న్యూయార్క్ నగరంలోని సిటీ కాలేజీలో అదే విద్యలో పై పట్టా తీసుకున్నారు. సిటీ కాలేజీ పేదల బిడ్డలు, వలస వచ్చినవారి బిడ్డలు చదువుకొనే కళాశాలగా పేరున్నది. పట్టా చేతికి వచ్చాక ఇంజనీరుగా ఉద్యోగంలో స్థిరపడ్డారు.

ఇంతవరకు ఈ కథలో కొత్త ఏమీ లేదు. మన ఊళ్లలో ఇటువంటి కథలు ఇప్పుడు చాలా ఉన్నాయి. తేడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు వరకు వచ్చి చాలామంది ఆగిపోతారు. ఆయన ఆగలేదు. ఎందుకు ఆగకూడదో అర్థం కావాలంటే ఆనాటి న్యూజెర్సీ పరిస్థితి కొంత తెలియాలి.

1987లో ఆ రాష్ట్రంలోని జెర్సీ సిటీ ప్రాంతంలో భారతీయుల మీద దాడులు జరిగాయి. బొట్టు పెట్టుకొనే ఆడవాళ్లను ఎగతాళి చేస్తూ, "బొట్టువాళ్లను తరిమేస్తాం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్న ఒక అల్లరి మూక భారతీయుల ఇళ్ల మీద, దారిన పోయేవారి మీద పడింది. అదే సంవత్సరం పక్కనే ఉన్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే భారతీయ యువకుడిని కొందరు కొట్టి చంపారు. అప్పటిదాకా "మన పని మనం చేసుకుందాం, మనల్ని ఎవరేమంటారు?" అనుకున్న కుటుంబాలు ఉలిక్కిపడ్డాయి. పోలీసు ఠాణాకు వెళితే మన మాట వినేవారు ఎవరు? పురపాలక సభలో మన పక్షాన లేచి మాట్లాడేవారు ఎవరు? అక్కడ మనవాళ్లు ఒక్కరూ లేరు.

పన్ను కట్టినంత మాత్రాన ఊరు మనది కాదని, ఊరి పని చేతికెత్తుకున్నప్పుడే మనదవుతుందని ఆ ఏళ్లలో న్యూజెర్సీలోని మన దేశీయులు చాలామంది గ్రహించారు. తలుపు మూసుకొని కూర్చున్నవాడికి ఎన్ని డిగ్రీలున్నా పొరుగువాడి దృష్టిలో అతడు అపరిచితుడే.

1997: కౌన్సిల్ సభ్యుడు

1997లో ఉపేంద్ర గారు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆయన డెమోక్రాటిక్ పార్టీకి చెందినవారు. ఆ కౌన్సిల్‌లో తొమ్మిది మంది సభ్యులుంటారు. వారిలో కొందరిని వార్డుల వారీగా, మిగిలిన వారిని ఊరంతా కలిసి ఎన్నుకుంటారు.

ఆ పని ఎలా ఉంటుందో మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడి చిన్న పట్టణాల్లో కౌన్సిల్ సభ్యత్వం ఎవరికీ బ్రతుకుతెరువు కాదు. సభ్యులు సాధారణంగా పగలు తమ తమ ఉద్యోగాలు చేసుకొని, సాయంత్రం సమావేశానికి వస్తారు. ఎజెండాలో పెద్ద సంగతులేవీ ఉండవు. ఫలానా వీధిలో మురుగు కాలువ, ఫలానా చోట గోదాము కట్టడానికి అనుమతి, పార్కులో బల్లలు, పోలీసులకు కొత్త వాహనం, మంచు తీసే ట్రాక్టరుకు డీజిల్ ఖర్చు. ఇంజనీరుగా లక్షల మందికి పనికివచ్చే యంత్రాల సంగతి చూసే మనిషి, సాయంత్రం ఒక పెద్దామె ఇంటి ముందు నిలిచిన నీళ్ల గురించి గంటసేపు ఓపికగా వినాలి. విననివాడికి మళ్లీ ఓటు పడదు.

ఇంకొక సంగతి. ఫ్రాంక్లిన్‌లో ఉన్నది మేనేజరు పద్ధతి. రోజువారీ పరిపాలన, ఉద్యోగుల నియామకం, పనుల అజమాయిషీ అన్నీ కౌన్సిల్ నియమించిన మేనేజరు చేతిలో ఉంటాయి. మన మున్సిపల్ కమిషనరు వంటివాడన్నమాట. అయితే మన కమిషనరును ప్రభుత్వం పంపుతుంది, అక్కడి మేనేజరును కౌన్సిలే నియమిస్తుంది. పని సరిగా చేయకపోతే తొలగించే అధికారమూ కౌన్సిల్‌దే. విధానం నిర్ణయించడం, బడ్జెట్టు ఆమోదించడం, లెక్క అడగడం సభ్యుల వంతు. తమ్ముడికి కాంట్రాక్టు ఇప్పించడం, బావమరిదికి ఉద్యోగం వేయించడం వారి వంతు కాదు.

న్యూజెర్సీలో 1975లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇటువంటి సభలు మూసిన తలుపుల వెనక జరగకూడదు. సమావేశం ఎప్పుడు, ఎక్కడ, దేని గురించి అన్నది 48 గంటల ముందే ప్రజలకు తెలియజేయాలి. కొన్ని ప్రత్యేక విషయాలు తప్ప మిగతావన్నీ అందరి ముందే చర్చించాలి. సమావేశంలో ప్రజలు లేచి మాట్లాడటానికి సమయం ఉంటుంది. ఇంటి పన్ను అక్కడ చాలా ఎక్కువ, ఏడాదికి నాలుగు వాయిదాల్లో కడతారు. అందులో పెద్ద భాగం బడులకు పోతుంది. అందుచేత లేచి నిలబడేవాడు ఊరికే నిలబడడు. "నా డబ్బు ఏం చేశారు?" అని అడగడానికే నిలబడతాడు.

అటువంటి సభలో, పుట్టిన నేలకు వేల మైళ్ల దూరంలో, మన యాస కలిసిన ఇంగ్లీషుతో ఒక తెలుగు మనిషి కూర్చొని జవాబు చెప్పాడు. మనకు ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. తమ మాట వినేవాడే లేడని అంతకు పదేళ్ల ముందు భయపడిన కుటుంబాలను అడిగితే ఎంత పెద్ద సంగతో చెబుతారు.

2000: మేయరు

1998లో ఆయన ఉపమేయరు అయ్యారు. 2000లో మేయరు అయ్యారు. మేయరు అనగానే కారు, బంట్రోతు, దండలు అని మనం ఊహించుకుంటాం. మేనేజరు పద్ధతి ఉన్న ఊరిలో మేయరుకు అధికారం కంటే బాధ్యతే ఎక్కువ. ఆయన సభకు అధ్యక్షత వహిస్తాడు. ఓటు మాత్రం మిగతా సభ్యులకు లాగే ఒక్కటే. ఎనిమిది మందిని ఒప్పించలేకపోతే ఆయన ఒక్కడు చేయగలిగినది చాలా తక్కువ. అక్కడ పదవి కంటే మాట తీరు, న్యాయం, ఓర్పు పనిచేస్తాయి.

మన సంఘ కమిటీల్లో పనిచేసినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. కార్యదర్శి అయినంత మాత్రాన ఎవరూ మన మాట వినరు. లెక్క పుస్తకం శుభ్రంగా ఉంటే వింటారు. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు మనం విని ఉంటే, మన వంతు వచ్చినప్పుడు వాళ్లూ వింటారు.

మేయరు పదవి ముగిసిన తరువాత ఆయన అలిగి ఇంట్లో కూర్చోలేదు. 2005 వరకు కౌన్సిల్ సభ్యుడిగా కొనసాగారు. మేయరుగా కూర్చున్నవాడు మళ్లీ మామూలు సభ్యుడి కుర్చీలో కూర్చోవడం మన దగ్గర ఎంతమందికి మింగుడుపడుతుందో పాఠకులే ఆలోచించాలి.

కష్టకాలంలో గెలుపు

2001 నవంబరులో న్యూజెర్సీ శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. అక్కడి దిగువ సభలో 80 మంది సభ్యులుంటారు. రాష్ట్రాన్ని 40 నియోజకవర్గాలుగా చేసి ఒక్కొక్క దాని నుంచి ఇద్దరిని ఎన్నుకుంటారు. ఉపేంద్ర గారు 17వ నియోజకవర్గం నుంచి నిలబడ్డారు.

ఆ నెలలు ఎటువంటివో గుర్తు చేసుకోవాలి. సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిపోయాయి. చనిపోయినవారిలో న్యూజెర్సీవారు వందల్లో ఉన్నారు. నాలుగు రోజులు తిరగకముందే అరిజోనా రాష్ట్రంలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును, తలపాగా చూసి శత్రువనుకొని, ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. ఒంటి రంగు, పేరు, వేషం చూసి మనిషిని అనుమానించిన రోజులవి. అటువంటి సమయంలో "చివుకుల" అన్న పేరును, వాళ్ల నోటికి తిరగని పేరును, బ్యాలెట్టు మీద చూసి అక్కడి ప్రజలు ఓటు వేశారు. 2002 జనవరిలో ఆయన సభలో అడుగుపెట్టారు. న్యూజెర్సీ శాసనసభకు ఎన్నికైన మొదటి భారతీయ సంతతి వ్యక్తి ఆయనే.

ఓటర్లు ఆయనను ఎలా నమ్మారు? నాలుగేళ్లుగా ఆయన వాళ్ల ఊరి మురుగు కాలువల గురించి, పన్నుల గురించి వాళ్ల మధ్యే కూర్చొని మాట్లాడాడు. వాళ్లకు ఆయన వార్తల్లో కనబడే విదేశీయుడు కాదు, తెలిసిన మనిషి. కష్టకాలంలో పనికివచ్చే నమ్మకాన్ని మంచికాలంలోనే కూడబెట్టుకోవాలి.

ఇది ఆయనతో మొదలైన దారి కూడా కాదు. అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి భారతీయుడు దలీప్ సింగ్ సౌంద్. పంజాబు నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో వ్యవసాయం చేశాడు. 1956లో కాంగ్రెసుకు ఎన్నికవడానికి ముందు వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊరిలో న్యాయాధికారిగా పనిచేశాడు. ఆయనదీ చిన్న ఊరి చిన్న పదవితో మొదలైన ప్రయాణమే.

రెండు కుర్చీల ప్రశ్న

మంచి మాత్రమే చెబితే పాఠకులకు న్యాయం చేసినట్టు కాదు. 2002 నుంచి 2005 వరకు ఉపేంద్ర గారు ఒకేసారి శాసనసభ్యుడిగా, పట్టణ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నారు. అప్పటి న్యూజెర్సీ చట్టం దానికి ఒప్పుకునేది, చాలామంది నాయకులు అలాగే చేసేవారు. రెండు చోట్లా ఉంటే ఊరి అవసరం రాష్ట్రానికి తెలుస్తుందని కొందరన్నారు. ఒక మనిషి చేతిలో రెండు పదవులుంటే అధికారం పోగుపడుతుందని మరికొందరన్నారు. చివరకు ఆ రాష్ట్రం చట్టం మార్చింది. అప్పటికే రెండు పదవుల్లో ఉన్నవారిని మినహాయించి, 2008 నుంచి కొత్తగా ఎవరూ అలా రెండు ఎన్నికైన పదవులు పట్టుకోకూడదని నిషేధించింది. ఉపేంద్ర గారు దానికి ముందే కౌన్సిల్ విడిచారు.

శాసనసభలో ఆయన డిప్యూటీ స్పీకరుగా ఉన్నారు. టెలిఫోను, కరెంటు వంటి సేవలను చూసే సంఘానికి అధ్యక్షత వహించారు. ఇంజనీరు చదువు అక్కడ పనికివచ్చింది. సూర్యరశ్మితో కరెంటు తీయడాన్ని ప్రోత్సహిస్తూ 2010 జనవరిలో వచ్చిన చట్టానికీ, సముద్రంలో గాలిమరలు నిలిపి కరెంటు తీయడానికి దారి చూపిన అదే సంవత్సరపు మరొక చట్టానికీ సభలో మద్దతు కూడగట్టినవారిలో ఆయన ఒకరు. ఈ చట్టాల మీద కూడా రెండు అభిప్రాయాలున్నాయి. గాలి శుభ్రపడుతుందని ఒకరంటే, ఆ ప్రోత్సాహకాల భారం చివరకు ఇంటి కరెంటు బిల్లు మీద పడుతుందని ఇంకొకరన్నారు. ప్రజాజీవితంలో ఏ మేలూ ఖర్చు లేకుండా రాదు. ఎవరు కడతారో దాచకుండా చెప్పడమే నాయకుడి నిజాయితీ.

ఓటమి తరువాత

2012లో ఆయన అమెరికా కాంగ్రెసుకు పోటీ చేశారు. న్యూజెర్సీ 7వ నియోజకవర్గంలో రిపబ్లికన్ పార్టీకి చెందిన లెనార్డ్ లాన్స్ చేతిలో ఓడిపోయారు. 2014లో 12వ నియోజకవర్గంలో తన పార్టీ అభ్యర్థిత్వం కోసం మళ్లీ ప్రయత్నించారు. నలుగురు పోటీపడిన ఆ ఎన్నికలో మూడవ స్థానంలో నిలిచారు. గెలిచిన బానీ వాట్సన్ కోల్మన్ న్యూజెర్సీ నుంచి కాంగ్రెసుకు వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయ్యారు.

రెండు పెద్ద ఓటములు. వయసు అరవై దాటింది. మన దగ్గరైతే పార్టీ మారడమో, ఫలానావాడు వెన్నుపోటు పొడిచాడని పత్రికలకెక్కడమో జరిగేది. అక్కడ జరిగినది చూడండి. అదే 2014లో గవర్నరు క్రిస్ క్రిస్టీ ఆయనను రాష్ట్ర ప్రజావినియోగ సేవల బోర్డుకు నియమించారు. క్రిస్టీ గారు ఎదుటి పార్టీవారు. ఆ బోర్డులో ఐదుగురు సభ్యులుంటారు, ఒకే పార్టీవారు ముగ్గురికి మించి ఉండకూడదని నియమం. కరెంటు, గ్యాసు, మంచినీరు, టెలిఫోను కంపెనీలు ప్రజల దగ్గర ఎంత వసూలు చేయాలో, ఎలా పనిచేయాలో చూసే బోర్డు అది. మన దగ్గర కరెంటు చార్జీల విషయంలో విద్యుత్ నియంత్రణ మండలి చేసే పని వంటిది. ఉపేంద్ర గారు శాసనసభ్యత్వం వదులుకొని ఆ బాధ్యత తీసుకున్నారు. తరువాత అక్కడ ఎన్నో ఏళ్లు పనిచేశారు.

ఎదుటి పార్టీవాడు కూడా ఒప్పుకోవడానికి కావలసినది పనిమీద పట్టు. అది ఒక్కరోజులో రాదు. తొలినాళ్లలో పురపాలక సభలో బడ్జెట్టు కాగితాలు చదివిన అలవాటే ఆయనకు ఇంతదూరం తోడు వచ్చిందనుకోవడంలో పొరపాటు లేదు.

ఇక మన ఊరి మాట

ఈ కథను సంగారెడ్డిలో, పటాన్‌చెరులో కూర్చొని ఎందుకు చదువుకోవాలి? మనకూ కౌన్సిల్ ఉంది కనుక. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంఘాలకు రాజ్యాంగంలోనే చోటు కల్పించింది. ఐదేళ్లకొకసారి ఎన్నికలు జరగాలని, దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి స్థానాలు ఉండాలని, మూడో వంతుకు తక్కువ కాకుండా మహిళలకు ఉండాలని చెప్పింది. ఆ వాక్యాల వల్లనే అంతకు ముందు ఆఫీసు గుమ్మం తొక్కడానికి జంకిన ఎందరో తల్లులు, చెల్లెళ్లు ఈనాడు సభలో కుర్చీ మీద కూర్చున్నారు. గ్రామాలకు 73వ సవరణ ఇదే మేలు చేసింది.

మన ప్రాంతానికి ఈ కుర్చీల విలువ తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం కూడా చిన్నది కాదు. మంజీరా నీళ్లు 1960లలోనే మన సంగారెడ్డి పక్క నుంచి హైదరాబాదు దాహం తీర్చడానికి వెళ్లడం మొదలైంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వెలిశాయి. కూలికి పనులు దొరికాయి, పిల్లల చదువులు సాగాయి. కాదనలేం. దానితోపాటే నక్కవాగు రంగు మారింది. బావినీళ్లు పనికిరాకుండా పోయాయి, పైర్లు ఎండాయి, పశువులు చనిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారి వంటి వారు జబ్బుపడిన రైతులను చూసి, మందు చీటీతో ఇది తీరదని పోరాటానికి దిగారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. ఫ్యాక్టరీల మురుగును ఒకచోట శుద్ధిచేసే కేంద్రం కూడా 1994లో పటాన్‌చెరులో ఏర్పడింది.

ఢిల్లీ దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చింది? ఊరి దగ్గరే, మొదటి గొట్టం వాగులోకి తెరిచిన రోజే, అడిగేవాడు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో గట్టిగా కూర్చొని ఉంటే? ఫ్యాక్టరీలకు అనుమతులిచ్చే అధికారం అంతా ఊరి చేతిలో లేదు, నిజమే. కానీ తీర్మానం చేసి కాగితం మీద పెట్టే అధికారం ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు లేచి మాట్లాడే హక్కు ఉంది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో లెక్క అడిగే వీలు ఉంది. పటాన్‌చెరు ఒకప్పుడు సొంత మున్సిపాలిటీగా ఉండి, 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. సభ దూరమయ్యేకొద్దీ అడిగేవాడి గొంతు మరింత గట్టిగా ఉండాలి.

మన కుటుంబాల్లో వార్డు సభ్యుడి పదవి అంటే రెండే అభిప్రాయాలు. ఒకటి, "అది తినేవాళ్ల పని, మనకొద్దు". రెండు, "అది ఎంత చిన్నదో, దానికి నిలబడేదేముంది". మంచివాళ్లు ఈ రెండు మాటలూ అనుకొని ఇంట్లో కూర్చుంటే, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మనకు తెలియనిది కాదు. ఓటుకు నోటు తీసుకున్న చేతితో తరువాత లెక్క అడగలేం. ఐదేళ్లపాటు మోరీ కంపు భరిస్తూ నోరు మూసుకొని ఉండటమే ఆ నోటు ధర.

ప్రియ పాఠకులారా, మన పిల్లలందరూ అమెరికా వెళ్లరు. వెళ్లినవారందరూ మేయర్లు కారు, కానవసరమూ లేదు. కానీ ప్రతి ఇంట్లోనూ ఈ నెల చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మీ వార్డు సభ్యుడి పేరు పిల్లలకు తెలుసో లేదో భోజనాల దగ్గర అడగండి. ఆస్తి పన్ను రసీదు దాచిపెట్టే ముందు, ఆ డబ్బుతో మీ వీధికి ఏం జరిగిందో కమిషనరు కార్యాలయంలో ఒకసారి విచారించండి. పల్లెలో ఉంటే గ్రామసభ జరిగే రోజు పొలం పని ఒక పూట ఆపి వెళ్లండి. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోండి. చదువుకున్న మీ కోడలికో, మీ చిన్నవాడికో నిలబడాలనే కోరిక ఉంటే, "మనకెందుకమ్మా" అనే మాట నాలుక చివరనే ఆపండి.

ఇక దూరదేశంలో ఉన్న బిడ్డ ఫోను చేసినప్పుడు, జీతం, ఇల్లు, మనవళ్ల సంగతులన్నీ అయిన తరువాత, ఆ కొత్త ప్రశ్న కూడా అడగండి. "నాయనా, మీ ఊరికి నువ్వేం చేస్తున్నావు?" అవతల నుంచి వాడు కాసేపు మాట్లాడకపోవచ్చు. తరువాత వాడు కూడా మనల్ని అదే ప్రశ్న తిరిగి అడగవచ్చు. అప్పుడు చెప్పడానికి మన దగ్గర ఒక జవాబు ఉండాలి.